సిన్‌సే చెప్పిన కాలేయం, స్కాన్‌లో కనిపించిన కాలేయం

ప్రశ్న

పేరు ప్రచురించవద్దని కోరుతూ సింగపూర్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లల తల్లి. ఆరేళ్లుగా అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. వారంలో నాలుగు రాత్రులు పది నుంచి పన్నెండు దాకా అమెరికా బృందంతో కాల్స్ ఉంటాయి. ఏడాదిగా కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంటోంది, గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపిస్తోంది, నెలసరికి ముందు వారం రొమ్ములు సలుపుతున్నాయి, కళ్లు మండుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లవారే దాకా నిద్ర పట్టదు. చిన్న విషయానికే పిల్లల మీద విరుచుకుపడుతున్నానని, “అమ్మా, ఎందుకు అన్నిసార్లు ఊపిరి వదులుతావు?” అని కూతురు అడిగిందని రాశారు.

ఆఫీసులోని చైనీస్ స్నేహితురాలు ఆమెను తనకు తెలిసిన సిన్‌సే, అంటే చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రెండు చేతుల నాడి చూసి, నాలుక చూసి, “మీ కాలేయపు చీ (ప్రాణశక్తి) స్తంభించింది, వేడి కూడా మొదలైంది, అది ప్లీహాన్ని నొక్కుతోంది” అన్నారు. రెండు వారాలకు షియావ్ యావ్ సాన్ అనే మూలికల పొడి ఇచ్చారు. కారం, వేపుళ్లు, చల్లని నీళ్లు, పచ్చి కూరలు మానమని, పులుపు తగ్గించమని, పదకొండు లోపు పడుకోమని చెప్పారు. ఈమె పెదనాన్న కాలేయం గట్టిపడి చనిపోయారు. ఆరు నెలల కిందట కంపెనీ చేయించిన పరీక్షల్లో కాలేయం స్థితిని తెలిపే ఎస్‌జీపీటీ 58 ఉంది, స్కాన్‌లో మొదటి దశ ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. సిన్‌సే మాట విన్నప్పటి నుంచి తన కాలేయం పాడైపోయిందనే భయం పట్టుకుంది. భర్త ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేస్తూ, ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకుంటే చాలంటున్నారు. ఐదు నెలలుగా వీరింట్లో ఉంటున్న అత్తగారు ఊరి నుంచి నేల ఉసిరి, తిప్పతీగ పొడులు తెప్పిస్తున్నారు. తన వంట కోడలు ముట్టడం లేదని ఆమె నొచ్చుకున్నారు కూడా. సిన్‌సే ఇచ్చిన పొడి ఇంకా తెరవలేదు. “ఎవరి మాట వినాలి? ఈ ఆదివారం అత్తగారు గోంగూర పప్పు చేస్తానంటున్నారు, తినవచ్చా?” అని అడిగారు.

సమాధానం

మీ భయమంతా ‘కాలేయం’ అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది కనుక ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. నేను ఆధునిక వైద్యుడిని. ఆ వైద్యం చదివింది మాత్రం చైనాలో, అక్కడ మాలాంటి విదేశీ విద్యార్థులకు కూడా వారి సంప్రదాయ వైద్యం ఒక పాఠ్యాంశంగా ఉండేది. ఆ తరగతిలో మొదటి రోజే మా ఉపాధ్యాయురాలు బల్ల మీద రెండు చిత్రపటాలు పరిచారు. ఒకటి శరీరనిర్మాణ శాస్త్రపు కాలేయం, రెండోది వారి ‘గాన్’. “ఈ రెండింటికీ అక్షరం ఒకటే, అర్థం ఒకటి కాదు. ఇది మరిచిపోయిన రోజు మీరు రోగిని భయపెడతారు” అన్నారు. మీ విషయంలో జరిగింది సరిగ్గా అదే. సిన్‌సే తన భాషలో చెప్పారు, మీరు స్కాన్ భాషలో విన్నారు.

మన ఇళ్లలో ‘పైత్యం’ అనే మాట ఎలా వాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎండన పడి వచ్చిన పిల్లవాడు వాంతి చేసుకుంటే పైత్యం చేసిందంటాం, వేళాపాళా లేకుండా వాగేవాడికి పైత్యం ముదిరిందంటాం. ఆ మాట వినగానే పిత్తాశయానికి స్కాన్ తీయించాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే అది ఒక అవయవం పేరు కాదనీ, శరీరమూ మనసూ కలిసి గతి తప్పిన ఒక తీరుకు పేరనీ మనకు పుట్టుకతో తెలుసు. చైనీయుల ‘గాన్’ కూడా అటువంటిదే. వారు కోపం తెచ్చుకోవడాన్ని ‘కాలేయపు నిప్పు రగలడం’ అంటారు. రెండు వేల ఏళ్లకు పైబడిన వారి మూలగ్రంథం ‘హువాంగ్ డీ నేయ్ జింగ్’ గాన్‌ను సేనాపతితో పోల్చి, వ్యూహాలన్నీ అక్కడి నుంచే పుడతాయని చెబుతుంది. చీ అనే ప్రాణశక్తి శరీరమంతా ఆటంకం లేకుండా సాగేలా చూడడం, రక్తాన్ని నిల్వ చేయడం దాని పనులని, కళ్లు దాని ద్వారాలని, స్నాయువులూ గోళ్లూ దాని అధీనంలో ఉంటాయని, కోపం దాని ఉద్వేగమని, పులుపు దాని రుచి అని, వసంతం దాని రుతువని వారి సిద్ధాంతం.

ఇప్పుడు మీ లక్షణాలను ఆ కళ్లతో చూడండి. మింగుకున్న కోపం, నలిగిన నిద్ర చీని కదలనివ్వకపోతే పక్కటెముకల దగ్గర బిగువు, నెలసరికి ముందు రొమ్ముల సలుపు వస్తాయనీ, ఆ బిగువును వదిలించుకోవడానికి శరీరం తనంతట తాను నిట్టూరుస్తుందనీ వారు అంటారు. మీ అమ్మాయి గమనించిన నిట్టూర్పు వారి పాఠ్యపుస్తకాల్లో ఒక లక్షణంగానే నమోదై ఉంది. గొంతులో అడ్డుపడినట్టుండడాన్ని సుమారు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ ‘కాల్చిన మాంసపు ముక్క చిక్కుకున్నట్టు’ అని వర్ణించాడు. తర్వాతివారు దానికి ‘రేగుగింజ చీ’ వంటి పేరు పెట్టారు, నిజానికి వారన్నది వారి దేశపు ప్లమ్ పండు గింజ. సిన్‌సే మీ ఎడమ మణికట్టు మీద మధ్యవేలు ఆనించి వెతికినది కూడా గాన్ నాడినే. అది బిగిసిన తంత్రిలా వేలికి తగిలితే చీ స్తంభించిందని వారి లెక్క. మాకు నేర్పేటప్పుడు ఒకరి మణికట్టు మీద ఒకరం వేళ్లు పెట్టుకుని గంటసేపు కూర్చునేవాళ్లం. పరీక్షల ముందు వారంలో దాదాపు అందరి నాడీ తంత్రిలాగే ఉందని మా ఉపాధ్యాయురాలు తేల్చారు.

చీ అనేది ఉందని ఆధునిక విజ్ఞానం ఏ పరికరంతోనూ నిరూపించలేదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. అయినా ఆ వర్ణన వెనుక వేల ఏళ్ల పరిశీలన ఉంది. రాత్రి కాల్స్‌తో, పైకి చెప్పలేని చిరాకుతో నలుగుతున్న ఒక మనిషిని సిన్‌సే సరిగ్గానే గుర్తుపట్టారు. మీవారు అన్నట్టు అది మూఢనమ్మకమని నేను అనను, అలాగని మీ కాలేయానికి అది పరీక్షా ఫలితమనీ అనను.

అసలు కాలేయం విషయంలో మీకు ఒక చిన్న సమస్య నిజంగానే ఉంది, దాన్ని సిన్‌సే చెప్పలేదు, ఆరు నెలల కిందటి స్కాన్ చెప్పింది. మొదటి దశ ఫ్యాటీ లివర్, ఎస్‌జీపీటీ 58. ఇది గాభరా పడాల్సిన స్థాయి కాదు, వదిలేయాల్సిన స్థాయీ కాదు. మీ ఎత్తుకు మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే సూచిక, 27 దాటింది. ఆసియావాసులకు 23 దాటితేనే జాగ్రత్తపడమంటారు. బరువులో 5 శాతం, అంటే మీకు మూడున్నర కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా నెమ్మదిస్తుంది. పెదనాన్నగారి జబ్బుకు కారణం మద్యమో, హెపటైటిస్ బీ వైరస్సో, మరొకటో మీరు రాయలేదు. ఇంట్లో పెద్దలను కనుక్కోండి, ఎందుకంటే వైరస్ అయితే మీరూ మీ నాన్నగారూ ఒక్కసారి హెపటైటిస్ బీ ఉందో లేదో చూపే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ స్థాయి కూడా చూపించుకోండి. మాత్ర మోతాదు సరిపోకపోతే బరువు పెరగడానికీ, నీరసానికీ, కాలేయంలో కొవ్వు చేరడానికీ అదే కారణం కావచ్చు. గొంతులో అడ్డు అన్నది చీ స్తంభన అని నిశ్చయించుకునే ముందు మెడ పరీక్ష జరగాలి.

ఇక ఆహారం. రెండు వైద్యాలూ ఇక్కడ చాలావరకు ఒకే బల్ల మీద కూర్చోగలవు. వేపుళ్లు, మద్యం, అర్ధరాత్రి తిండి తగ్గించమని సిన్‌సే చెబితే నేను రెండో మాట లేకుండా సంతకం పెడతాను. కాలేయానికి వచ్చిన జబ్బు ప్లీహానికి పాకుతుంది కనుక ముందు ప్లీహాన్ని బలపరచమని జాంగ్ జోంగ్‌జింగ్ రాశాడు. అక్కడ ప్లీహమంటే జీర్ణశక్తి అని చదువుకోవాలి. అందుకే వారు వేడి అన్నపు జావ తాగమంటారు. తెల్లబియ్యం బాగా ఉడికిన జావ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది కాబట్టి ఫ్యాటీ లివర్ ఉన్న మీకు రోజూ అది తగదు, ఇక్కడ మాత్రం నేను సిన్‌సేతో విభేదిస్తాను. దీనికి పరిష్కారం చైనాలోనే ఉంది. ఉత్తర చైనాలో ఉదయం పూట తాగే షియావ్ మీ జావ మన కొర్రలతో చేసేదే. జీర్ణానికి మంచిదని వారు దాన్ని బాలింతలకు కూడా పెడతారు. సింగపూర్‌లో లిటిల్ ఇండియా దుకాణాల్లో కొర్రలు దొరుకుతాయి. మరీ మెత్తగా గంజిలా కాకుండా పలుకు తెలిసేలా, చక్కెర లేకుండా వండుకోండి.

మన వంటింట్లోని చాలా వస్తువులు వారి చిట్టాలోనూ ఉన్నాయి. పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు, ఎండిన నారింజ తొక్క వంటి పరిమళం గలవి చీని కదిలిస్తాయని వారు నమ్ముతారు. పెసలు వేడిని తగ్గిస్తాయని వేసవిలో పెసల కషాయం కాచుకుంటారు. పసుపు కూడా వారి ఔషధాల్లో కాలేయ మార్గానికి చెందినదే. కనుక మీ అత్తగారు పెట్టే పెసరపప్పు, తోటకూర, పుదీనా పచ్చడి మానవలసిన పనేమీ లేదు. పసుపు మాత్రలు మాత్రం కొనకండి. కూరలో వేసే చిటికెడు వేరు, గాఢంగా చేసిన మాత్ర వేరు, ఆ మాత్రల వల్ల కాలేయం వాచినవారు ఉన్నారు. చేమంతి టీ కళ్ల మంటకు హాయిగా ఉంటుంది, కానీ ఎండుపూలు కొనుక్కుని నాలుగైదు వేడినీళ్లలో వేసుకోవాలి. దుకాణాల్లో డబ్బాల్లో దొరికే చేమంతి పానీయంలో చక్కెర ఉంటుంది. 2022 డిసెంబరు చివరి నుంచి సింగపూర్‌లో చక్కెర, సంతృప్త కొవ్వు మోతాదు ఎక్కువగా ఉన్న పానీయాల మీద న్యూట్రి గ్రేడ్ అక్షరం వేస్తున్నారు. సీ, డీ కనిపిస్తే వెనక్కి పెట్టేయండి. కాఫీ మానేశానని రాశారు, దానికి నాకు బాధ కలిగింది. చక్కెర, పాలు లేని కాఫీ తాగేవారిలో కాలేయం గట్టిపడడం తక్కువగా కనిపిస్తోందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. మధ్యాహ్నం లోపు ఒక కోపీ ఓ కోసోంగ్, అంటే మీ ఊరి చక్కెర, పాలు లేని కాఫీ, తాగండి. థైరాయిడ్ మాత్రకూ దానికీ మధ్య కనీసం ముప్పావుగంట ఉండాలి.

చల్లని నీళ్లు, పచ్చికూరలు మానమన్న మాటకు ఆధునిక వైద్యంలో ఆధారం లేదు. మీకు హాయిగా ఉంటే పాటించండి, లేకపోతే కీరదోస తిన్నందుకు అపరాధభావం పెట్టుకోకండి.

ఇప్పుడు మీరు ఇంకా తెరవని ఆ పొడి. షియావ్ యావ్ సాన్ అంటే ‘తీరికగా, స్వేచ్ఛగా విహరించే పొడి’ అని అర్థం. సోంగ్ రాజవంశ కాలం నుంచి వాడుకలో ఉంది. చైహు వేరు, డాంగ్ గుయ్, తెల్ల పియోనీ, అతిమధురం, అల్లం, పుదీనా వంటివి అందులో ఉంటాయి. మీ ముందు కొన్ని దారులున్నాయి. సిన్‌సే దగ్గరే కొనసాగాలనుకుంటే ముందుగా ఎస్‌జీపీటీ మళ్లీ చేయించుకుని, ఆ కాగితమూ థైరాయిడ్ మాత్రా ఆయనకు చూపించి, ఆ తర్వాతే పొడి మొదలుపెట్టండి. మాత్రకూ పొడికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉంచండి. సింగపూర్‌లో 2000 నాటి చట్టం ప్రకారం ఇటువంటి వైద్యులు టీసీఎం (చైనా సంప్రదాయ వైద్యం) ప్రాక్టీషనర్స్ బోర్డులో నమోదై ఉండాలి, ఆ జాబితాను ఎవరైనా చూడవచ్చు. ఆయన పేరు అందులో లేకపోతే ఆ దారి అక్కడితో ముగిసినట్టే. ఉన్నా కూడా రెండు వారాల మందు నెలల తరబడి సాగకూడదు. చైహును ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే కాలేయానికే హాని జరగవచ్చన్న నివేదికలున్నాయి, అతిమధురం కొందరిలో రక్తపోటు పెంచుతుంది. గర్భం ధరించే ఆలోచన ఉన్నా, రక్తం పలుచబరిచే మందు వాడుతున్నా ముందే చెప్పాలి.

పొడిని పక్కన పెట్టి, సిన్‌సే చెప్పిన నిద్ర, తిండి నియమాలకు నడక కలిపి మూడు నెలలు పాటించి, మళ్లీ పరీక్ష చేయించుకోవడం మరో దారి. నా మనసు దీనివైపే మొగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు ఎస్‌జీపీటీ తగ్గినా పెరిగినా కారణమేమిటో తెలుస్తుంది. అయితే నెలసరి ముందు సలుపు, నిద్రలేమి త్వరగా తగ్గకపోవచ్చు, ఓపిక పట్టాలి. మీవారు కోరినట్టు సిన్‌సేను పూర్తిగా మానేసి ఆసుపత్రికే పరిమితం కావచ్చు, దానివల్ల మీ కాలేయానికి నష్టమేమీ లేదు. కానీ ఏడాదిగా మీ బాధనంతా ఒక్క కథగా విన్న మొదటి మనిషి ఆయనేనని మీరు రాశారు. ఆ వినడం ఆగిపోతే ఆ చోటు ఎవరితో నింపుతారో కూడా ఆలోచించుకోండి.

ఏ దారి పట్టినా, అత్తగారి పొడులను సిన్‌సే పొడితో కలపవద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. నేల ఉసిరి మన ఊళ్లలో పచ్చకామెర్ల మందుగా ఎంత పేరున్నదో నాకూ తెలుసు. 1988లో మద్రాసులో జరిగిన అధ్యయనం హెపటైటిస్ బీ విషయంలో దాని మీద ఆశలు రేపింది, తరువాతి అధ్యయనాల్లో ఆ ఫలితం నిలవలేదు. మీకున్నది కామెర్లు కాదు కూడా. తిప్పతీగ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కోవిడ్ కాలంలో దాన్ని విరివిగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు, అయినా థైరాయిడ్ సమస్య ఉన్న మీరు ఆ ప్రయోగం చేయనక్కరలేదు. అలాగే జుట్టు నల్లబడుతుందని ఎవరైనా హే షౌ వూ అనే చైనా మూలిక ఇస్తే తీసుకోకండి. అది కాలేయానికి హాని చేయగలదని చైనా ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. ఏ మూలిక వాడుతున్నప్పుడైనా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా, అన్నం సహించకపోయినా అదే పూట ఆపి, పొట్లం చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

రాత్రి రెండు గంటల మెలకువ గురించి. ఒంటి గంట నుంచి మూడు దాకా కాలేయపు సమయమని స్నేహితురాలు చెప్పడంతో గడియారం చూసినప్పుడల్లా గుండె దడ పుడుతోందని రాశారు. అది వారి సిద్ధాంతంలో చీ ప్రవాహానికి వేసిన కాలపట్టిక. మీ కాలేయం ఆ వేళకు దెబ్బతింటోందని దాని అర్థం కాదు. పన్నెండు దాకా వెలుగుతున్న తెర ముందు వాదించి, వెంటనే పడుకున్న మెదడు రెండింటికి తేలికపాటి నిద్రలోకి వచ్చినప్పుడు మేలుకోవడంలో వింత లేదు. ఆ గడియారాన్ని మంచం దగ్గర నుంచి తీసేయండి. మనిషి పడుకున్నప్పుడు రక్తం కాలేయానికి తిరిగి చేరుతుందని నేయ్ జింగ్ అంటుంది. నేను దాన్ని నిద్రను గౌరవించమన్న మాటగా తీసుకుంటాను. అదే గ్రంథం వసంతంలో పెందలాడే లేచి, జుట్టు ముడి విప్పుకుని, పెరట్లో తీరికగా నడవమంటుంది. మీ ఊళ్లో వసంతం లేదు కానీ మీ హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సముదాయ) భవనాల కింద ఉదయం పూట పెద్దవాళ్లు బా దువాన్ జిన్ అనే వ్యాయామం చేస్తూ కనిపిస్తారు. ఎనిమిది కదలికలే. విల్లు లాగుతున్నట్టు చేతులు చాపేది ఒకటి, పిడికిళ్లు బిగించి కళ్లు పెద్దవి చేసి ముందుకు గుద్దేది ఒకటి. ఆ రెండోదాన్ని వారు కాలేయానికే కేటాయించారు. ఇంట్లో ఎవరి మీదా చూపించలేని కోపాన్ని గాలి మీద చూపించడానికి అంత చక్కని ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు. వారానికి ఐదు రోజులు, అరగంట చురుకైన నడకతో కలిపి చేస్తే బరువు విషయంలోనూ పని జరుగుతుంది.

అయితే నాలుగు రాత్రుల కాల్స్ అలాగే ఉంటే చేమంతులు ఎన్ని తాగినా మార్పు తక్కువే. వాటిలో రెండింటిని ఉదయం ఏడింటికి మార్చమని అడగండి. అప్పుడు న్యూయార్క్‌లో సాయంత్రం ఆరో ఏడో అవుతుంది, వారికీ అసాధ్యం కాదు. అడిగితే పదోన్నతి మీద ప్రభావం పడుతుందని మీ భయం, అది పడవచ్చు కూడా. దాన్ని ఇంకో ఏడాది నిద్రలేని రాత్రులతో తూచి చూసుకోవలసింది మీరే. మార్చడం కుదరకపోతే ఆ నాలుగు రాత్రుల మర్నాడు పిల్లలను బడికి సిద్ధం చేసే పని మీవారిది కావాలి. మూఢనమ్మకం అన్న మాటకు జవాబుగా ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించండి. పరీక్షలు చేయించాలన్న ఆయన మాటను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను కనుక ఆయన కూడా వింటారనుకుంటాను.

గోంగూర పప్పు తినండి. పులుపు గాన్‌కు చెందిన రుచే, మితంగా తింటే మేలని, మితిమీరితే బిగువు పెంచుతుందని వారి మాట. వసంతంలో పులుపు తగ్గించమన్న ప్రాచీన చైనా వైద్యుడు సున్ సిమియావ్ కూడా పూర్తిగా మానమనలేదు. పప్పు ఎక్కువ, గోంగూర తక్కువ వేసి, ఎండుమిరపకాయలు సగానికి తగ్గించి, తాలింపుకు రెండు చెంచాల నూనె చాలని అత్తగారితో చెప్పండి. చెప్పేటప్పుడు భోజనాల బల్ల దగ్గర కాకుండా పొయ్యి పక్కన నిలబడి, గోంగూర ఆకులు తుంచుతూ చెప్పండి. తిప్పతీగ ఎందుకు వద్దో కూడా అప్పుడే చెప్పేయవచ్చు.